అసుంతా విప్పనన్న పెళ్లిబట్టలు

అసుంతా మా వాకిట్లోకి కోడలిగా వచ్చి ముప్పై ఏళ్లు దాటింది. ఇప్పటికీ మా ఆడవాళ్లు ఆమెను ‘లెతీర’ అనే పిలుస్తారు. లెతీర అంటే కొండ కింది మనిషి, లాతీను గుడికి పోయే మనిషి, ఎప్పుడో అల్బేనియా నుంచి ఇటలీకి వచ్చి ఈ కొండల మీద స్థిరపడ్డ మా అర్బరెష్‌వాళ్ల మాట పుట్టుకతో రాని మనిషి. అది తిట్టు కాదు, ముద్దుపేరూ కాదు. ‘‘లెతీరా, నీ పాలు పొంగుతున్నాయే!’’ అని కేకేస్తే చేతిలో పని పడేసి పరుగెత్తేది. పేరు గురించి ఎప్పుడూ గొడవ పడలేదు. పేరు కంటే పాలు ముఖ్యం కదా అంటుంది.

మా ఊరు మల్జీలో నాలుగైదు గుమ్మాలు కలిసి ఒకే వాకిట్లోకి తెరుచుకుంటాయి. ఆ వాకిలినీ, ఆ గుమ్మాల్లోని మనుషుల్నీ కలిపి జితోనియా అంటాం. ఉప్పు అయిపోయినా, పురుడొచ్చినా, మొగుడు అలిగినా ముందు తెలిసేది జితోనియాకే, చుట్టాలకు ఆ తర్వాత. మా జితోనియాలో అసుంతా గుమ్మానికి ఎదురుగా ఉండేది ఒర్తెన్సత్త గుమ్మం. అత్తకు ఎనభై దాటాయి. చెవులు, నాలుక రెండూ పదును.

అసుంతా పుట్టింది సముద్రం ఒడ్డున, ఒక ఫోటో స్టూడియో వెనక గదిలో. తండ్రి పెళ్లిళ్లకు ఫోటోలు తీసేవాడు. నడక రాగానే కూతురికి దీపం పట్టుకుని నిలబడటం నేర్పాడు. పెళ్లికూతురి గడ్డం ఎంత ఎత్తించాలో, పెళ్లికొడుకు తల్లి కళ్లు తుడుచుకున్నాక ఎంతసేపు ఆగాలో ఆ పిల్లకు బడికి వెళ్లకముందే తెలుసు. ఒక వేసవిలో తండ్రితో మా ఊరి పెళ్లికి కొండెక్కి వచ్చింది. ఆ పెళ్లికి వ్లాష్ అనే తాపీపని కుర్రాడు కూడా వచ్చాడు. ఇంటికెళ్లి ఫిల్ము కడిగితే, ఇటు పెళ్లికొడుక్కీ అటు పెళ్లికూతురికీ ఏమీ కాని ఆ మనిషి ప్రతి ఫోటోలో ఓ మూల నిలబడి ఉన్నాడు. అందరూ కెమెరా వైపు చూస్తుంటే అతను దీపం వైపు చూస్తున్నాడు.

‘‘ఎవడే ఈ గాడిద?’’ అన్నాడు తండ్రి.

‘‘నాకేం తెలుసు నాన్నా,’’ అంది అసుంతా. ఏడాది తిరగకముందే తెలిసింది.

మా కోడళ్లు పెళ్లినాడు ఎర్రపట్టు కుచ్చుల పావడా, జరీ రవిక, నీలి పట్టు పైవస్త్రం కట్టుకుని, ముడి మీద కేజా అనే బంగారు తలకట్టు పెట్టుకుని గుమ్మం ఎక్కుతారు. అసుంతా తెల్ల గౌనులో ఎక్కింది. అత్తగారు ఆమెను ఎగాదిగా చూసి, ‘‘కోడల్ని తెచ్చావా, పిండి బస్తాని తెచ్చావా రా?’’ అంది కొడుకుతో. వాకిలంతా విరగబడి నవ్వింది. భాష తెలీదు కాబట్టి అసుంతా కూడా నవ్వింది. అర్థం తెలిశాక కూడా ఆ నవ్వు పోలేదు. ఇప్పుడు మా ఇళ్లలో ఆ పిండి బస్తా కబురు అందరికంటే ఎక్కువగా చెప్పేది ఆమే.

పిల్లల్ని పెంచింది, మిరపకాయలు దండలు గుచ్చింది, అత్తగారికి చివరిదాకా చేసింది. మా భాషలో తిట్లు ముందు వచ్చాయి, ప్రార్థనలు తర్వాత వచ్చాయి. కెమెరా మాత్రం గోధుమల పెట్టె మీద గుడ్డలో చుట్టి ఉండిపోయింది.

పాపాస్ నికోదీమ్ రోమ్ నుంచి తిరిగి వచ్చి ఊరి పైనున్న కాలేజీ గ్రంథాలయం చేపట్టినప్పుడు ఆ గుడ్డ విప్పే అవసరం వచ్చింది. పాపాస్ అంటే మా గుడి పూజారి, లాతీను పూజారుల్లా కాదు, పెళ్లాం పిల్లలు ఉండొచ్చు. నికోదీమ్ మా ఊరి పిల్లాడే, చిన్నప్పుడు మా చెట్ల మీద అంజూర పళ్లు దొంగిలించినవాడే. పాత కాలేజీ పై అంతస్తులో చేతిరాత ప్రార్థన పుస్తకాలు, పాటలు రాసుకున్న కాగితాలు, కట్టలు కట్టలుగా పత్రాలు ఉన్నాయి. వాటిని ఒక్కొక్కటే ఫోటో తీసి కంప్యూటర్లో పెడితే ప్రపంచంలో ఎక్కడున్న అర్బరెష్ మనిషైనా చూసుకోవచ్చని అతని ఆశ. డబ్బాల్లో యంత్రాలు వచ్చాయి. వాటిని నడిపే మనిషి లేడు.

‘‘మా ఆవిడకు ఫోటోలు తీయడం వచ్చు పాపాస్,’’ అన్నాడు వ్లాష్, గ్రంథాలయంలో గోడకు గిలాబు చేస్తూ. ‘‘నన్ను పట్టింది ఆ వలతోనే.’’

అలా అసుంతా ఆ పనిలో చేరింది. పాత పుస్తకాన్ని ఆమె విప్పే పద్ధతి చూడాలి. పేజీ తిప్పేటప్పుడు ఊపిరి బిగబడుతుంది. తిప్పాక ‘‘ఇటు చూడు తల్లీ, గడ్డం కాస్త పైకి, ఆ, అలాగే ఉండు,’’ అంటుంది. తండ్రి పెళ్లికూతుళ్లతో మాట్లాడిన మాటలే మూడొందల ఏళ్ల ప్రార్థన పుస్తకంతో మాట్లాడుతుంది. బొమ్మలో అసలు రంగు తెలియడానికి ప్రతి వస్తువు పక్కనా ఒక రంగుల పట్టీ పెట్టాలి. అది మరిచిపోతే ఆ ఫోటో చెల్లదు. పాపాస్ నికోదీమ్ దాన్ని ఎప్పుడూ మరిచిపోతాడు. అసుంతా ఎప్పుడూ అరుస్తుంది.

పుస్తకాలు ఒక దారికి వచ్చాక పాపాస్ గుడిలో చెప్పాడు: ‘‘మీ ఇళ్లలో పాతవి ఏవున్నా తీసుకురండి. కూజాలు, పళ్లేలు, నగలు, బట్టలు, ఏవైనా సరే. ఫోటో తీసి పొద్దుగుంకేలోపు మీ ఇంటికి చేరుస్తాం. వస్తువు మీది, బొమ్మ అందరిది.’’ ఊరికి ఈ మాట నచ్చింది. అంతా కలిసి దానికి ‘తాళం లేని బీరువా’ అని పేరు పెట్టారు.

మొదటి వారమే పెద్ద తప్పు జరిగింది. మా వాళ్లు పొరుగింటికి ఖాళీ గిన్నె పంపరు. పొరుగింటి గిన్నె ఖాళీగా తిరిగి ఇవ్వరు. గిన్నె పోతే గిన్నె నిండా ఏదో ఒకటి పోవాలి, వస్తే ఏదో ఒకటి రావాలి. కాబట్టి ఆ వారం కాలేజీకి వచ్చిన రెండొందల ఏళ్ల కూజా నిండా వైను ఉంది. చెక్కిన చెక్కపెట్టె నిండా అక్రోటు కాయలున్నాయి. పెళ్లిబుట్టలో ఎండు అంజూరాలున్నాయి. రోమ్‌లో చదువుకుని వచ్చిన పాపాస్ వైను ఒలకబోసి కూజా కడిగించాడు. అక్రోట్లూ అంజూరాలూ హాస్టలు విద్యార్థులకు పంచాడు. సాయంత్రానికి వస్తువులన్నీ శుభ్రంగా తుడిచి ఇళ్లకు పంపాడు. ఖాళీగా.

తెల్లారి అసుంతా తలుపులు తడితే ఒక్కరూ తీయలేదు. ఒకావిడ కిటికీ లోంచి మాత్రం పలికింది: ‘‘మా ఇంట్లో పాతదేం లేదమ్మా. నేనొక్కదాన్నే ఉన్నా. నన్ను తీసుకెళ్లి నా లోపలున్నది కూడా గుంజుకుని పంపండి.’’

అసుంతా నేరుగా పాపాస్ ముందుకు వెళ్లి నిలబడింది.

‘‘మీరు రోమ్‌లో ఎన్నాళ్లున్నారు?’’

‘‘ఎందుకక్కా?’’

‘‘అక్కడ ఎవరూ ఎవరికీ గిన్నెలు ఇవ్వరా?’’

పాపాస్ గడ్డం నిమురుకున్నాడు, తర్వాత తల పట్టుకున్నాడు. ‘‘మా అమ్మ బతికుంటే చెవి మెలేసేది,’’ అన్నాడు.

ఆ సాయంత్రం పాపాస్ స్వయంగా ఇంటింటికీ వెళ్లాడు. వెనకాల అసుంతా లూపిని గింజలూ, గుడ్లూ, తేనె గారెలూ మోసుకెళ్లింది. ఆ తర్వాత గ్రంథాలయంలో ఒక అలమర అచ్చంగా తిరుగు గిన్నెల కోసమే పెట్టారు. పుస్తకాల వాసన పక్కన ఇప్పుడు ఎండు సాసేజి వాసన కూడా వస్తుంది. ఆ బీరువాలో మీరు ఆ పాత కూజా పేజీ తెరిస్తే, ఎత్తు, వెడల్పు, మట్టి రకం కింద ఒక వరస ఉంటుంది: ‘వచ్చినప్పుడు లోపల: కిందటేడాది వైను, మంచిది.’ అది పాపాస్ చేసుకున్న ప్రాయశ్చిత్తం.

ఇంక అసుంతా మనసు ఎదురు గుమ్మం మీద పడింది.

మా పెళ్లిబట్టల సంగతి ఏమిటంటే, అవి మనిషితో పాటే పోతాయి. మనిషి వాటిని రెండుసార్లే కడుతుంది: పెళ్లినాడు, పోయిన నాడు. అమ్మమ్మల నాటి కుట్టు ఉన్న పావడాలు ఒక్కొక్కటీ అలాగే మట్టిలో కలిశాయి. ఆ కుట్టులో మిగిలింది ఇప్పుడు ఒర్తెన్సత్త పెట్టెలో ఉన్నదొక్కటే. అత్త దాన్ని తనతో తీసుకెళ్లాలని నిశ్చయించుకుంది. అందులో ఎవరికీ అభ్యంతరం లేదు. కానీ ఈలోగా ఫోటో తీయకపోతే, ఆ కుట్టు ఎలా ఉండేదో చూద్దామన్నా ఇంకెక్కడా దొరకదు. అసుంతాకు నిద్రలో కూడా ఆ కుచ్చులే కనబడుతున్నాయని వ్లాష్ వాకిట్లో అందరికీ చెప్పాడు.

అసుంతా ఒక గిన్నెలో వేడి వేడి ద్రోమ్సా, అంటే మా పిండి ఉండల పులుసు, పోసుకుని ఎదురింటికి వెళ్లింది.

‘‘ఏం కావాలే?’’ అంది ఒర్తెన్సత్త, గిన్నె మూత తీయకుండానే.

‘‘ఏమీ వద్దత్తా. ఉప్పు సరిపోయిందో లేదో చూస్తావని.’’

‘‘నీ ఉప్పు సంగతి నాకు ముప్పై ఏళ్లుగా తెలుసు. పావడా కోసం వచ్చావు.’’

‘‘ఒక్క పూటే అత్తా. పొద్దున పట్టుకెళ్లి...’’

‘‘పక్క ఊరిది చూశా నీ బీరువాలో. మనవరాలు ఫోనులో చూపించింది. బట్టల కొట్లో బొమ్మకు పెళ్లిబట్టలు తొడిగారు. తల లేదు! పెళ్లికూతురు తల ఎక్కడ పెట్టుకొచ్చింది? బస్సులో మరిచిపోయిందా?’’

‘‘బొమ్మకు తొడగను. బల్ల మీద పరుస్తా.’’

‘‘బల్ల మీద పడుకోబెడతావా? దానికింకా టైముంది, నేనింకా చావలేదు.’’

‘‘పోనీ నువ్వే కట్టుకో.’’

‘‘నడిమధ్యలో కట్టుకుంటే పైవాణ్ని చప్పట్లు కొట్టి పిలిచినట్టేనే!’’

‘‘నీ మనవరాలు?’’

‘‘కన్నెపిల్ల కడితే పెళ్లి కుదరదు.’’

‘‘అయితే పెళ్లయిన ఎవరైనా...’’

‘‘తన బట్టలు తన పెట్టెలో ఉండగా ఇంకొకరివి కట్టే ఆడది రెండో మొగుణ్ని కోరినట్టు. మొదటివాళ్లతోనే వేగలేకపోతున్నాం.’’ ఒర్తెన్సత్త అప్పుడు గిన్నె మూత తీసి, వేలితో రుచి చూసి, ముఖం చిట్లించి, ఇంకోసారి రుచి చూసింది. చాలాసేపు అసుంతా వైపు చూసింది. ‘‘నీ పెట్టెలో ఏముంది?’’

‘‘దేంట్లో?’’

‘‘పెళ్లిపెట్టెలోనే.’’

‘‘ఆ తెల్ల గౌను పిల్లల బాప్తిజానికి కత్తిరించేశాగా. ఖాళీ.’’

‘‘కన్నెపిల్లవు కాదు. బట్టలున్న కోడలివీ కాదు. చచ్చినా దేంట్లో పోతావో నీకే తెలీదు.’’ అత్త చెంచా కోసం చేయి చాచింది. ‘‘లెతీరవి. మా శకునాలు నీకు అంటవు. ఈ ఊళ్లో దాన్ని కట్టుకోదగ్గది నువ్వొక్కతివే.’’

అసుంతా చెంచా అందించింది. కట్టుకుంటే ఫోటో ఎవరు తీస్తారన్నది అప్పుడు ఆమెకు తట్టలేదు.

‘‘ఒక్క మాట,’’ అంది ఒర్తెన్సత్త. ‘‘అది ఎప్పుడూ ఈ ఇంటి బయట ఒక్క రాత్రి కూడా పడుకోలేదు. పొద్దుగుంకేలోపు నా పెట్టెలో ఉండాలి. లేకపోతే నాకు కన్ను మూతపడదు. నేనేదో ఉత్తుత్తి నిద్ర గురించి చెప్పడం లేదు.’’

‘‘ఉంటుంది,’’ అంది అసుంతా. ‘‘మాట.’’

మర్నాడు పొద్దున కాలేజీ బండిలో పాపాస్ వాళ్లిద్దర్నీ పైకి తీసుకెళ్లాడు. ఒర్తెన్సత్త గది తలుపు వేసి స్వయంగా తొడిగింది. మా రవికకు చేతులు విడిగా ఉంటాయి. మనిషి ఒంటి మీదే దారంతో వాటిని కుడతారు, విప్పేటప్పుడు ఆ దారం కత్తిరిస్తారు. అత్త చేతులు కుట్టింది, కేజా పెట్టింది, కుచ్చులు సర్దింది. అసుంతా బొద్దు మనిషి కాబట్టి వెనక హుక్కులు పెట్టడానికి ముగ్గురు పునీతుల పేర్లు పలికింది. ‘‘ఊపిరి పీల్చకు. పీల్చినా వదలకు,’’ అని చెప్పి, విప్పే వేళకు తనను పిలవమని పాపాస్‌కు అప్పగించి మధ్యాహ్నం కునుకు తీయడానికి ఇంటికి వెళ్లింది.

తర్వాతి గంటలు పాపాస్ నికోదీమ్ జన్మలో మరిచిపోడు. కెమెరా అతని చేతిలో, ఆజ్ఞలు పెళ్లికూతురి నోట.

‘‘దీపం ఎడంవైపు! అది మీ కుడి!’’

‘‘నాకు ఎదురుగా ఉన్నావు కదక్కా, ఏది ఎడమో...’’

‘‘మోకాలి మీద కూర్చోండి. అంచు కనబడాలి. ఇంకా కిందికి. ప్రార్థన చేసేటప్పుడు కూర్చుంటారుగా, అలా. పట్టీ ఏది?’’

‘‘ఏ పట్టీ?’’

‘‘రంగుల పట్టీ! మళ్లీ మొదట్నుంచి!’’

చివరికి పాపాస్ ఆ పట్టీని దారం కట్టి తన మెడలో వేసుకున్నాడు, మేక మెడలో గంటలాగా. ముందు నుంచి, వెనక నుంచి, పక్క నుంచి, కుచ్చు కుచ్చుకీ తీశారు. అసుంతా తండ్రి చెప్పినట్టు గడ్డం పైకెత్తి నిలబడింది. చెమటలు కారుతున్నా కదల్లేదు.

పని అయ్యేసరికి ఎండ పడమటి కిటికీలోకి దిగింది. పాపాస్ ఒర్తెన్సత్తను పిలవడానికి ఫోను తీశాడు. అది చేతిలో ఉండగానే మోగింది. అవతల ఎవరో మాట్లాడారు. పాపాస్ ముఖం వెలిగిపోయింది. ‘‘రేపు పొద్దున్నేనా? తప్పకుండా! ఉంటుంది, గాజు పెట్టెలోనే ఉంచుతాం,’’ అన్నాడు.

ఫోను పెట్టేసి చిన్నపిల్లాడిలా చేతులు రుద్దుకున్నాడు. ‘‘అక్కా, బిషప్పుగారు రేపు వస్తున్నారు! ఆయన ఈ పావడా చూస్తే ఇంకో రెండేళ్లు ఈ పనికి ఢోకా ఉండదు. కింద హాల్లో గాజు పెట్టె ఖాళీగా ఉంది. బొమ్మకు తొడిగి ఉంచుదాం. ఒక్క రాత్రే.’’

‘‘మాట ఇచ్చాను పాపాస్.’’

‘‘నేను అత్తతో మాట్లాడతా. తాళం వేసి, కాపలా పెట్టి...’’

‘‘తాళం లేని బీరువా అని కదా ఊరు పేరు పెట్టింది.’’

‘‘అది ఫోటోలకక్కా. ఇది...’’

‘‘ఇది ఆమె చావు బట్ట.’’

‘‘ఒక్క రాత్రి,’’ అన్నాడు పాపాస్ దీనంగా. దురాశతో కాదు. తన ఊరి అందమంతా ఒక పెద్దమనిషికి చూపించాలన్న ఆత్రం. ‘‘కత్తెర తెస్తా, ముందు చేతులు విప్పేద్దాం.’’

అసుంతా రెండు చేతులూ వీపు వెనక్కి పెట్టుకుంది.

‘‘విప్పను.’’

‘‘అదేమిటి?’’

‘‘నా ఒంటి మీద ఉన్నంతసేపు ఎవరూ గాజు పెట్టెలో పెట్టలేరు. పెడితే నన్ను కూడా పెట్టండి. తల ఉన్న బొమ్మ.’’

పాపాస్ కత్తెర పట్టుకుని నిలబడ్డాడు. పెళ్లిబట్టల్లో ఉన్న ఆడదాని మీదికి కత్తెరతో వెళ్లే పూజారి సంగతి ఊరు ఎన్నేళ్లు చెప్పుకుంటుందో ఆలోచించి ఉంటాడు. అప్పటికే అసుంతా కుచ్చులు రెండు చేతులా ఎత్తి పట్టుకుని మెట్లు దిగుతోంది. బండి కోసం ఆగలేదు. ఆ పావడాతో బండిలో కూర్చుంటే కుచ్చులు నలుగుతాయి. కాలేజీ గేటు దాటి, నడుచుకుంటూ, కొండ వీధిలోకి దిగింది. పాపాస్ కెమెరా భుజాన వేసుకుని వెనకే పరుగెత్తాడు.

ఆ సమయానికి ఆడవాళ్లంతా గుమ్మాల్లో చిక్కుళ్లు ఒలుస్తున్నారు. మొదటి గుమ్మంలో చిక్కుళ్ల పళ్లెం కింద పడింది.

‘‘ఒసేయ్, లెతీర రెండో పెళ్లి చేసుకుంటోందే!’’

‘‘మొగుడెవరు?’’

‘‘కనబడట్లా? వెనకాల గడ్డంతో వస్తున్నాడు.’’

‘‘వాడికి పెళ్లయిందే! పెళ్లాం చీపురు తీస్తుంది!’’

పాపాస్ వగరుస్తూ, ‘‘అక్కా, ఒక్క క్షణం ఆగు. ఈ వెలుతురు చూడు, అబ్బ, ఈ వెలుతురు!’’ అన్నాడు. అసుంతా ఆగలేదు. గడ్డం మాత్రం అలవాటుగా పైకి లేచింది. పొద్దు అంచున, మెట్ల మీద, కోళ్లు రెండు వైపులా చెదురుతుండగా, ఎర్రపట్టు నిప్పులా వెలుగుతుండగా పాపాస్ ఫోటో తీశాడు. ఆ హడావిడిలో కూడా తన మెడలోని పట్టీ తీసి ఒక చేత్తో ముందుకు చాచి పట్టుకున్నాడు. ఫోటోలో ఇప్పటికీ మూలన ఒక పూజారి చేయి, అందులో రంగుల పట్టీ కనబడతాయి.

మా వాకిట్లో వ్లాష్ గోడ మీద కూర్చుని ఉన్నాడు. భార్యను చూసి లేచి నిలబడ్డాడు. టోపీ తీశాడు.

‘‘ముప్పై ఏళ్లు ఆలస్యంగా వచ్చావు,’’ అన్నాడు. ‘‘పెళ్లివారంతా భోంచేసి వెళ్లిపోయారు.’’

‘‘మిగిలిందేదైనా ఉంటే పెట్టు,’’ అంది అసుంతా. ఆ హుక్కుల మధ్య నవ్వడానికి ఊపిరి చాలలేదు.

ఒర్తెన్సత్త తన గుమ్మంలో కుర్చీ వేసుకుని కూర్చుంది. కునుకు తీసి ఎప్పుడు లేచిందో, ఎంతసేపటి నుంచి ఎదురింటి కప్పు మీద ఎండ తరుగుతుంటే చూస్తోందో. చేతిలో జపమాల ఉంది గాని పూసలు కదలడం లేదు. అసుంతా ముందు నిలబడగానే ఆమె మొహం చూడలేదు. వంగి అంచు పట్టుకుంది. ఒక్కొక్క కుచ్చూ వేళ్లతో తడిమింది. నడుము దగ్గర ఆగింది, భుజం దగ్గర కుట్టు చూసింది. అన్నీ ఉన్నాయి. అప్పుడు కళ్లెత్తి కప్పు మీద ఇంకా మిగిలిన ఎండ వైపు చూసి ఊపిరి వదిలింది.

‘‘చూశారా,’’ అంది వాకిట్లో చేరిన ఆడవాళ్లతో. ‘‘నికోదీమ్ నేర్చుకున్నాడు. ఖాళీగా పంపలేదు.’’

‘‘నేను పంపలేదత్తా,’’ అన్నాడు పాపాస్, ఆయాసంతో గోడ పట్టుకుని. ‘‘దానంతట అదే వచ్చేసింది.’’

‘‘మరి లోపలున్నది ఎవరిదే?’’ అని వెనక నుంచి ఎవరో అన్నారు. అంతా నవ్వారు.

‘‘గిన్నెతో వచ్చింది గిన్నె ఇంటివాళ్లదే. కొత్తగా అడుగుతావేం?’’ ఒర్తెన్సత్త అసుంతా చేయి పట్టుకుని లోపలికి లాగింది. ‘‘రా, ముందు ఆ హుక్కులు తీయాలి, చచ్చిపోయేలా ఉన్నావు. దాంట్లో పోవాల్సింది నేను, నువ్వు కాదు. ఇవ్వాళ ఇక్కడే తిను. ఉప్పు ఎంత వేయాలో కూడా చూసిపో.’’

మర్నాడు బిషప్పుగారు వచ్చారు. గాజు పెట్టె ఖాళీగానే ఉంది. పాపాస్ ఆయనకు తెర మీద అన్నీ చూపించి చివరికి మెట్ల మీది ఫోటో తెరిచాడు. ఆయన ఎంతోసేపు చూశారట, ఆ చేయి ఎవరిదని అడిగారట, పాపాస్ చెవులు ఎర్రబడ్డాయట. తాళం లేని బీరువా పని ఆగలేదు. అంతవరకు తెలుసు.

ఒర్తెన్సత్త మాత్రం తన పావడా తెర మీద ఎలా ఉందో చూస్తానంది. పై అంతస్తుకు వ్లాష్ దాదాపు మోసుకెళ్లాడు. అసుంతా పక్కన కూర్చుని బొమ్మను పెద్దది చేసింది. ఇంకా పెద్దది చేసింది. అంచు మీద జరీ తీగలు గోధుమ కంకుల్లా వచ్చాయి. అత్త కళ్లద్దాలు పైకి జరిపి తెర మీదికి వంగింది.

‘‘అదేమిటే?’’

‘‘ఏదత్తా?’’

‘‘ఆ చుక్క. నల్లగా.’’

‘‘చిన్న చిరుగు. పురుగు కొట్టినట్టుంది. మామూలు కంటికి కనబడదు.’’

‘‘కనబడదా! అక్కడికి వెళ్లాక మా అత్తగారు ఎదురొస్తుంది. దాని కళ్లు నీకు తెలీదు. దీనికంటే పెద్దది చేసి చూస్తుంది. ‘నేనిచ్చిన పావడాను పురుగులకు మేపావా’ అంటుంది.’’ అత్త కుర్చీలో వెనక్కి వాలింది. ‘‘ఇంకెక్కడున్నాయి? చూడు. అన్నీ చూడు.’’

చాలానే కనబడ్డాయి. అరవై ఏళ్లు పెట్టెలో పడి ఉన్న బట్ట కదా.

ఇప్పుడు మధ్యాహ్నాలు ఒర్తెన్సత్త గుమ్మంలో కూర్చుని ఆ పావడా ఒళ్లో వేసుకుని రఫ్ఫు చేస్తోంది. సరైన రంగు పట్టుదారం కోసం వ్లాష్ కొండ దిగి రెండుసార్లు తిరిగొచ్చాడు, రెండుసార్లూ రంగు నచ్చలేదు. సూదిలో దారం ఎక్కించడం అసుంతా పని. ఇద్దరూ పెద్దగా మాట్లాడుకోరు. మాట్లాడుకున్నా ఉప్పు గురించే.

మొన్న నేనే అడిగాను. ‘‘ఇది ఎప్పటికవుతుందత్తా?’’

‘‘తొందరేముంది?’’ అంది ఒర్తెన్సత్త, తల ఎత్తకుండా. ‘‘వెనక కుచ్చులు ఇంకా పెద్దవి చేసి చూడలేదు. లెతీరా, రేపు నన్ను ఆ తెర దగ్గరికి తీసుకెళ్లవే. ఎల్లుండి కాకపోతే అవతలెల్లుండి. వానొస్తే వచ్చేవారం.’’

దారం తెగింది. అసుంతా సూది తీసుకుని, కొసను పెదవుల మధ్య తడిపి, వెలుతురుకు ఎత్తి పట్టుకుంది.